మధ్యలో ఆపకూడదు

పెళ్లి వీడియో కోసం ఉదయగిరి కోట మెట్లను కెమెరాలో తీస్తూ, వెనక్కి నడిచి జారాను. పెళ్లివాళ్లు ఇంకా పైకి రాలేదు. పడుతూ కూడా కెమెరాను గుండెకు హత్తుకున్నాను. మా స్టూడియో ఓనరు సురేంద్రబాబు నియమాలు రెండు: కెమెరాకు కుదుపు తగలకూడదు, రికార్డింగు మధ్యలో ఆపకూడదు. రెండూ హార్డ్ డిస్కు ఆరోగ్యం కోసమే. విరిగింది నా కాలు.

ఆయన పరుగెత్తుకొచ్చాడు. ఎంత ప్రేమో. కెమెరాను ఒళ్లోకి తీసుకుని, లెన్సును మెత్తటి గుడ్డతో తుడిచి, చెవి ఆనించి డిస్కు చప్పుడు విన్నాడు.

"దీనికేం కాలేదు," అన్నాడు. తర్వాత నేను గుర్తొచ్చాను. "ఎడ్విన్, ఆత్మకూరు ఆసుపత్రిలో బైకు మీద నుంచి పడినానని చెప్పు. పనిలో పడినావని తెలిస్తే ఖర్చంతా నా నెత్తినేస్తారు."

"మెట్ల మీద గదన్నా పడింది?"

"ఎవురు చూసినార్రా? నువ్వూ నేనే గదా ఉండేది."

తలూపాను. ఆయనకు కెమెరాను తుడవడమే వచ్చు. నడిపేదీ, ఫైళ్లు కంప్యూటర్లోకి ఎక్కించేదీ నేనే. ఆయన ఒళ్లో కెమెరా రికార్డింగు ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. లెన్సు ఆయన ముఖం వైపే ఉంది.

ఆపమని నేను చెప్పలేదు. నియమమంటే నియమమే.