అక్క కాట్రిడ్జ్

"ఇది నిజంగా మీరు రీఫిల్ చేసిన కాట్రిడ్జ్‌తో వచ్చిందేనా?" అంటూ హెడ్‌మిస్ట్రెస్ రెండు ప్రశ్నపత్రాలు కౌంటర్ మీద పరిచింది.

ఒకటి స్కూల్లో ప్రింటు తీసింది. అక్షరాలన్నీ బూడిద రంగు, మధ్యమధ్య తెల్లచారలు. రెండోది ఆ స్కూల్లోనే పనిచేసే టీచరు తన ఇంట్లో తీసింది. కాటుకతో దిద్దినట్టుంది. ఆ టీచరు తమ్ముడిదే ఈ రీఫిల్ షాపు.

తమ్ముడు ఆ కాగితం మీదికి వంగి చూశాడు. పక్కనే ఉన్న అక్క అతని వంక చూడకుండా గోడ మీది క్యాలెండరు చూస్తోంది.

"మావాడే చేశాడు మేడం," అంది చివరికి.

"కొత్తది కొంటే రీఫిల్‌కి ఎనిమిది రెట్లవుతోంది. మా దగ్గర తొమ్మిది ప్రింటర్లున్నాయి. ఇంత నల్లగా వచ్చేట్టయితే ఏడాది పొడుగునా అన్నీ మీకే ఇస్తాను."

షాపు పెట్టాక ఇంత పెద్ద బేరం ఎప్పుడూ తగల్లేదు. వచ్చే నెల తెరవాలా, మూసెయ్యాలా అని వారం రోజులుగా మథనపడుతున్నాడు తమ్ముడు. అయినా కాగితాన్ని వెనక్కి జరిపాడు.

"నేను చేసినా ఇలా రాదు మేడం."

"అదేంట్రా!" అక్క అతన్ని పక్కకి లాగింది. "కాళ్ళ దగ్గరికొచ్చిన బేరాన్ని కాలదన్నుకుంటావా? కాస్త మంచి ఇంకు వెయ్యి, అంతేగా!"

"వేసేది మంచి ఇంకే అక్కా. అదొక్కటే అయితే బాధేముంది?"

హెడ్‌మిస్ట్రెస్ స్కూలు నుంచి వెంట తెచ్చిన ఖాళీ కాట్రిడ్జ్ తీసుకుని, సిరంజితో బొట్టుబొట్టుగా ఇంకు ఎక్కించి, టిష్యూతో అద్ది, వాళ్ళ ముందే ప్రింటు తీశాడు. చారల్లేవు. కానీ అక్క కాగితం పక్కన పెడితే వెలిసిపోయిన బట్టలా ఉంది.

"రీఫిల్ అంటే ఇదే మేడం. నోటీసులకీ, హోంవర్కు కాగితాలకీ దివ్యంగా సరిపోతుంది. సర్టిఫికెట్లకి మాత్రం కొత్తదే కొనుక్కోండి. ఒక్కోసారి చారలు కూడా వస్తాయి. వస్తే ఊరికే మళ్ళీ చేసిస్తాను."

"మరి మీ అక్కకి అంత బాగా ఎలా వచ్చింది? ఇంటివాళ్ళకో ఇంకు, బయటివాళ్ళకో ఇంకూనా?"

తమ్ముడు తలొంచుకుని సిరంజి తుడవసాగాడు.

హెడ్‌మిస్ట్రెస్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పోనీలెండి. తన సరుకులో లోపం తనే చెప్పే మనిషి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు? సర్టిఫికెట్లు తీసే రెండూ వదిలేసి, మిగతా ఏడూ మీకే పంపిస్తాను," అని వెళ్ళిపోయింది.

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి అక్క స్టూలు మీద కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"తప్పంతా నాదేరా. నువ్వు మొట్టమొదట చేసిచ్చింది చారలు చారలుగా వచ్చింది. చెబితే చిన్నబుచ్చుకుంటావని నోరు మెదపలేదు. అప్పట్నుంచీ బయట కొత్తవి కొని వాడుతున్నా. అవి ఖాళీ అయ్యాక తెచ్చి నీకిస్తున్నా. మా తమ్ముడి రీఫిలే అని నలుగురికీ చూపిస్తే నీకు నాలుగు బేరాలొస్తాయని ఆశ. తర్వాత నువ్వు చేసిచ్చిన పదకొండూ బీరువాలో అలాగే ఉన్నాయి. ఒక్కటీ ముట్టుకోలేదు."

తమ్ముడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్క పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"మొదటిది పాడైందేమోనని నాకూ అనుమానమొచ్చింది అక్కా. మళ్ళీ నీకు రీఫిల్ చేసివ్వడానికి చెయ్యాడలేదు," అన్నాడు. "సీలు తీసి నా స్టిక్కరు అంటించానంతే. ఆ పదకొండూ కొత్తవే!"