కుడి డొక్క మీద పట్టీ

వంటింటి గోడ మీది పరీక్ష యంత్రంలో ఆ ఉదయం ఎర్రదీపం వెలిగింది. నూకరత్నం కాలేయంలో కంతిని పెంచే జన్యువు మేలుకుందని దానర్థం. ఈ రోజుల్లో అది జలుబుతో సమానం. గంటలో ఆరోగ్య కార్యకర్త పైడితల్లి వచ్చి, ఆమె కుడి డొక్క మీద మందుపట్టీ అంటించింది.

"సాయంత్రానికి జన్యువు నిద్రపోద్ది మామ్మా."

"మా ఆయనకీ ఇదే వచ్చిందమ్మా. నిమ్మకాయంత కంతి నాలుగు నెలల్లో కొబ్బరికాయంత అయిపోనాది."

"అప్పట్లో దీనికి మనుషులు చనిపోయేవోరా?" పైడితల్లి నిజంగానే ఆశ్చర్యపోయింది.

నూకరత్నానికి కోపం రాలేదు. ఈ పిల్లకు ఆ భయం తెలియకపోవడం మంచిదే అనుకుంది. కానీ అది తెలిసినవాళ్లు, ఆసుపత్రి వరండాలో తనతోపాటు కూర్చున్నవాళ్లు, ఇప్పుడెవరూ మిగల్లేదు.

పొద్దువాలేసరికి దీపం పచ్చగా మారింది. పైడితల్లి ఫోన్ చేసింది.

"తగ్గిపోనాది కదా మామ్మా. మరి గొంతు అలాగుందేటి?"

"ఆయన గుర్తొచ్చారమ్మా. అప్పటి భయం ఎవరికి చెప్పినా ఇప్పుడు అర్థం కాదు."

పైడితల్లి అడిగింది. "తాతగారి పేరేటి?"

భర్త బతికున్నన్నాళ్లూ నూకరత్నం ఆ పేరు పలకలేదు. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, మొదటిసారి, "అప్పలనరసయ్య" అంది.