చెంచాడు ధైర్యం

“ఆ మందు మాత్రం వద్దమ్మా,” అన్నాడు బర్నబాస్, నర్సు చేతిలోని సీసా వంక చూస్తూ.

మంచం మీద పక్కనే కూర్చున్న సుజన అతని చేతులు పట్టుకుంది. ఇక నయంకాని జబ్బులవాళ్ళను బాధ తెలియకుండా చూసుకునే బాపట్లలోని ఆ హోముకి మొగుడూ పెళ్ళాలిద్దరూ రేపల్లె నుంచి నిన్ననే వచ్చారు. వచ్చినప్పటి నుంచి బర్నబాస్ మెతుకు ముట్టలేదు, కన్ను మూయలేదు.

“ఎందుకు బాబాయ్ అంత భయం?” నర్సు జ్యోతిర్మయి స్టూలు లాక్కుని కూర్చుంది.

“మా తమ్ముడు సీమోనుకి తెనాల్లో ఇదే పోశారు. పొద్దున పోస్తే సాయంత్రానికి పోయాడు. మా పేటలో ఈ సీసా కనబడిందంటే పాస్టరుగారికి కబురెడతారు.”

పాపం, పేటంతా నమ్మిన మాటని ఒక్కడు ఎలా కాదంటాడు?

“వద్దు వద్దని ఆఖర్న పోయించాం గదయ్యా,” అంది సుజన. “తీసుకుపోయింది జబ్బు. నింద మందుకొచ్చింది.” కాసేపు కిటికీ వైపు చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇన్నాళ్ళూ ఇది లేకుండానే గడిచింది గదా,” అన్నాడు బర్నబాస్.

“గడిచింది. పళ్ళు బిగబట్టుకుని గడిచింది. ఇంకా ఎందుకయ్యా ఆ ఓర్పు?”

“కొద్దికొద్దిగా మొదలెడతాం బాబాయ్,” అంది జ్యోతిర్మయి నెమ్మదిగా. “కాస్త మగతగా ఉంటుంది. నొప్పి తగ్గితే దడ, కంగారు కూడా తగ్గుతాయి. నేను కనిపెట్టుకునే ఉంటా. మీ ఇద్దరికీ ఇష్టమైతేనే.”

“తుఫాన్లో పడవేసుకెళ్ళినోడివి, చెంచాడు మందుకి బెదురుతావేంటయ్యా?” సుజన నవ్వించబోయింది.

బర్నబాస్ నవ్వలేదు. ఆమెకు దూరం కావడమన్న ఆలోచనే అతన్ని నిలువునా తినేస్తోంది.

“నిద్రపడితే మళ్ళీ మెలకువొచ్చిద్దా?” అని నర్సుని అడిగాడు.

“వస్తుంది బాబాయ్. మధ్యాహ్నం భోజనానికి నేనే లేపుతా.”

అతను సుజన వైపు తిరిగాడు. “నన్నొదిలి ఎక్కడికీ పోవుగా?”

“నీ చెయ్యి పట్టుకునే ఉంటా. సరేనను.”

బర్నబాస్ ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చివరికి, “సరే, పొయ్యమ్మా,” అన్నాడు.

జ్యోతిర్మయి చెంచాలో మందు పోయగానే, ఇన్నాళ్ళూ నొప్పికి బిగబట్టుకున్న పళ్ళు విడదీసి సుజన నోరు తెరిచింది.