తోలు కప్పిన పిల్ల

"మంచు దిగేలా ఉందమ్మా. ఈ వారానికి మానేద్దాం," అన్నాడు జేబెజ్, గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు బిగిస్తూనే.

"బూట్లేమో తొడుక్కుంటావు, మానేద్దామంటావు. నడవరా," అంది థిర్జా కర్ర అందుకుని.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, ఇంత మాంసమూ బంగాళాదుంపలూ తిన్నాక రిజర్వాయరు చుట్టూ ఒక చుట్టు తిరిగి రావడం ఆ ఇంటి అలవాటు. కట్ట దాటి, దేవదారు అడవిలోంచి పైకెక్కి, బీడు మీదుగా మళ్ళీ ఇంటికి. ఆ నీళ్ళ అడుగున ఒక ఊరుంది. ఊరు మునిగినప్పుడు జనమంతా చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. పైగట్టున గొర్రెలు పెంచుకునే వీళ్ళ ఇల్లొక్కటే మిగిలింది. పాత మొహాలు గుర్తుపట్టేవాళ్ళు లేకపోబట్టే జేబెజ్ కొన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎడ్విన్‌గా చెల్లుబాటవుతున్నాడు.

అవును మరి, అతను ఎడ్విన్ కాడు. ఆ ఇంటికి ఏమీ కాడు. పని వెతుక్కుంటూ మంచులో తిరిగి తిరిగి, ఆకలికి కళ్ళు తిరుగుతుంటే, గడ్డివాములో పడుకోనిస్తారేమో అడుగుదామని ఒక రాత్రి ఆ తలుపు కొట్టాడు. థిర్జా దీపం పైకెత్తి అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఆవిడ కళ్ళలో అప్పటికే పొరలున్నాయి. "ఎడ్విన్, వచ్చావా నాయనా! మీ నాన్న నీకోసమే ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్నాడు," అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

లోపల మంచం మీద ముసలి ఐజాక్. ఎప్పుడో మాటా మాటా పెరిగి, మంచు కురుస్తున్న రోజున కన్నకొడుకును ఇంట్లోంచి గెంటేసిన మనిషి. వాడు ఓడల్లో పనికి కుదిరాడని పెళ్ళాం చెబితే నమ్మి, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవాడు. నన్ను క్షమించరా అని ఏడ్చాడు. జేబెజ్ ఏం చేస్తాడు? సరే నాన్నా అన్నాడు. తెల్లారేసరికి ముసలాయన ప్రశాంతంగా కన్నుమూశాడు. పొయ్యి పక్కన వేడి సూపు, వేళకింత తిండి, ఒరే అని పిలిచే గొంతు. తల్లి మొహమే ఎరగనివాడికి నేను కానని చెప్పడానికి నోరెలా వస్తుంది? చూస్తుండగానే ఏళ్ళు గడిచిపోయాయి.

రేపటితో గుట్టు రట్టు కాబోతోంది. ఐజాక్ చెల్లెలు మార్తా పట్నం నుంచి వచ్చి, ఎడ్విన్‌తో ఒకే బల్ల మీద చదువుకున్నవాడు కెనడా నుంచి తిరిగొచ్చాడనీ, రేపు వాణ్ణి వెంటబెట్టుకొస్తాననీ చెప్పి వెళ్ళింది. నిన్ను చూసి ఎంత మురిసిపోతాడో అంటూ అదోలా నవ్వింది కూడా. పరాయివాడి నోటి నుంచి వినేకంటే తనే చెప్పేస్తే నయమనుకున్నాడు జేబెజ్. చెప్పిన మరుక్షణం ఈ అమ్మ తనది కాకుండా పోతుందనీ తెలుసు.

అడవిలోకి వచ్చేసరికి మంచు నీళ్ళను కప్పేసింది. నీళ్ళ కింద చర్చి గంట మోగుతుందని చెప్పుకుంటారు గానీ జేబెజ్ ఎన్నడూ వినలేదు. అతను వినేది అడుగుల చప్పుడు. ప్రతివారం, ఇదే అడవిలో, వెనకాల బూట్లతో ఎవరో నడుస్తున్నట్టు. వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. అసలు ఎడ్విన్ తిరిగొచ్చాడేమో, ఈ క్షణంలో నా భుజమ్మీద చెయ్యేసి, నువ్వు తొడుక్కున్న నా కోటు నాకిచ్చెయ్యమంటాడేమో అని ఒళ్ళు జలదరించేది.

"వెనక ఎవరో వస్తున్నట్టు లేదూ?" అన్నాడు ఉండబట్టలేక.

"వస్తే రానీ. దారి అందరిదీ," అంది థిర్జా, తిరిగైనా చూడకుండా.

చెట్లు పలచబడి బీడు మొదలైంది. ఎక్కడో తీతువు అరిచింది. నల్లమొహం గొర్రె, పిల్లను దగ్గరికి రానిచ్చిందా అని అడిగింది థిర్జా. పొద్దున దాని పిల్ల చచ్చిపుట్టింది. జేబెజ్ ఆ పిల్ల తోలు ఒలిచి, తల్లి చచ్చిన ఇంకో పిల్లకు చొక్కాలా తొడిగి దాని దగ్గర వదిలాడు. తల్లి కాసేపు వాసన చూసి పొదుగు దగ్గరికి రానిచ్చిందని చెప్పాడు.

"పాపం, మోసపోయింది," అన్నాడు.

"మోసమేముందిరా? దానికి పాలు చేపుకొచ్చాయి. తాగే నోరు కావాలి."

అంతే, జేబెజ్‌కు దుఃఖం పొంగుకొచ్చింది. దారి మధ్యలో నిలబడిపోయాడు.

"అమ్మా, నేను ఎడ్విన్‌ని కాను. నా పేరు జేబెజ్. అతనికంటే నాలుగేళ్ళు చిన్నవాణ్ణి. ఆ రాత్రి ఆకలికి అబద్ధమాడాను. నన్ను పొమ్మంటే ఇలాగే పోతాను."

థిర్జా కర్రతో తడుముకోకుండానే బాట దిగి, మోకాలెత్తు పొదల్లోకి నడిచింది. అటు ఊబి ఉందమ్మా అంటూ జేబెజ్ వెంటపడ్డాడు. ఎక్కడ అడుగు వేయాలో ఆవిడకు బాగా తెలిసినట్టుంది. కూలిన గొర్రెలదొడ్డి గోడ వారన ఆగింది. అక్కడ మనిషి పొడవున పేర్చిన రాళ్ళు, వాటి నిండా నాచు. థిర్జా మోకాళ్ళ మీద కూలబడి, వాటి మీది ఎండాకులు చేత్తో తుడిచింది.

"ఈ చోటు మీ నాన్నకి చెప్పలేదు. తెలిస్తే ఆ రోజే గుండె పగిలి చచ్చేవాడు," అంది. "టోపీ తీసి ఇలా రా."

జేబెజ్ టోపీ తీశాడు.

"ఎవరున్నారమ్మా ఇక్కడ?"

"మీ అన్న," అంది.