తల అతికిన బాలయేసు

పెళ్లినాడు వాన రాకూడదని మా ఐర్లాండ్ పల్లెల్లో బాలయేసు బొమ్మను ముందురోజే కంచె కింద పెడతాం. తల దానంతటదే ఊడిన బొమ్మయితే మరీ అదృష్టం.

ఎంత ఎండ కాసిందో చూడండి! మా అబ్బాయి ఫియాక్రా పెళ్లి! నాలుగేళ్లు నోరు పారేసుకున్న ఊరే ఇవాళ చప్పట్లు కొట్టింది.

వాణ్ణి చేసుకున్న నైజీరియా లాగోస్ కుర్రాడు టోబెన్నా బొమ్మ మెడ తడిమాడు. "తల దానంతటదే ఊడిందా మామయ్యా? ఇక మాకు తిరుగులేదు!"

నేను కంచె వైపు తిరిగాను.

"దానంతటదే ఊడింది," అన్నాడు ఫియాక్రా, నుదుటి మచ్చ మీదికి జుట్టు లాక్కుంటూ.

నాలుగేళ్ల కిందట, ఊరికంటే ముందు, "మగాణ్ణా? అదీ నల్లోణ్ణా?" అని అరుస్తూ ఆ బొమ్మను వాడి మొహాన విసిరింది నేను. రక్తం కారుతుండగానే ముక్కలేరి అతికించింది వాడు.