చొక్కా రంగు

"మీ ఆయన ఏ రంగు చొక్కా వేసుకొస్తాడమ్మా?"

పక్క కుర్చీలోని పెద్దావిడ అలా అడిగేసరికి ఆమె చేతిసంచి దగ్గరికి లాక్కుంది. ముక్కూ మొహం తెలియని మనిషికి ఎదుటివాళ్ల మొగుడి చొక్కాతో పనేమిటి?

అసలే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. అది మూడో అంతస్తులో ఉన్న కౌన్సెలింగ్ సెంటరు. ఆలుమగలు ఇద్దరూ వచ్చి, ఫైల్లో ఎవరి గడిలో వాళ్లు సంతకం పెట్టాలి. వరసగా మూడు బుధవారాలు ఒక్కరే వస్తే ఫైలు మూసేస్తారు. ఇక మిగిలేది కోర్టు మెట్లే.

కళ్లజోళ్ల షాపులో సెలవు పెట్టి మరీ రెండు బుధవారాలు ఒంటరిగా వచ్చి వెళ్లింది. భర్త గడి రెండుసార్లూ ఖాళీ. ఇది మూడో బుధవారం. గడియారం పదిన్నర దాటింది.

"నీలం," అంది భయంభయంగా.

పొద్దున ఇస్త్రీ బట్టల్లోంచి అతను ఆ చొక్కా తీసుకోవడం చూసింది. ఒకే ఇంట్లో ఉంటూ నాలుగు నెలలుగా మాటల్లేని ఇద్దరికి ఒకరి గురించి ఒకరికి తెలిసేవి అలాంటివే.

పెద్దావిడ కిటికీలోంచి కింద గేటు వైపు తొంగిచూసింది. కర్ర అందుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

పావుగంటకి భర్త వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ లిఫ్టు వదిలేసి మెట్లెక్కి వచ్చాడంటే, ఎంత ముచ్చటపడి వచ్చాడో తెలుస్తూనే ఉంది. అయినా ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. అతని వెనకే ఆయాసపడుతూ పెద్దావిడ.

లోపల కౌన్సెలర్ ఒక పద్ధతి పెట్టింది. ఒకరు మాట్లాడాలి. రెండోవాళ్లు వాదించకూడదు, విన్నది విన్నట్టు పాఠంలా అప్పజెప్పాలి. ఆ తర్వాతే వాళ్ల వంతు.

ముందు ఆమె చెప్పింది. కడుపులో బిడ్డ పోయిన రోజు ఇరవై మూడుసార్లు ఫోన్ చేసింది. అతను ఆగిపోయిన లిఫ్టు అడుగున గోతిలో ఉన్నాడు, అక్కడ సిగ్నల్ అందదు. ఆ సంగతి తెలిసీ ఆస్పత్రి మంచం మీద నుంచి, నువ్వు ఉన్నా లేనట్టే అనేసింది.

అతను అప్పజెప్పబోయాడు. ఇరవై మూడుసార్లు అనే మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. తన వంతు వచ్చినప్పుడు తల దించుకుని అన్నాడు.

"ఇప్పటికీ గోతిలోకి దిగితే ఫోన్ మోగుతున్నట్టే ఉంటుంది. ఇంటికొచ్చి నీ మొహం చూడాలంటే భయం."

తనొక్కతే భయపడుతున్నాననుకుంది ఇన్నాళ్లూ. ఆ రెండు ముక్కలు తిరిగి చెప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

బయటికి వస్తుంటే పెద్దావిడ అతన్ని చూసి నవ్వింది. బాగా ఎరిగున్న మనిషికి ఊపినట్టు అతను తల ఊపాడు. అంతే, ఆమెకి కొత్త భయం పట్టుకుంది. అక్కడ మీరేం మాట్లాడుకున్నా నా చెవిన పడకుండా పోదని అత్తగారు వారం కిందటే అంది. అయితే ఈవిడ అత్తగారి మనిషన్నమాట. చొక్కా రంగు అడిగి కిందికి పరిగెత్తింది, ఏం చెప్పాలో అతనికి నూరిపోయడానికే.

మర్నాడే కౌన్సెలర్‌కి ఫోన్ చేసి, ఆవిడ ఉంటే నేను రానని తెగేసి చెప్పింది. కౌన్సెలర్ సరేనంది.

ఆపై బుధవారం నుంచి ఆ కుర్చీ ఖాళీ. ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది.

రెండు నెలలు గడిచాయి. అప్పజెప్పడం ఇంటికీ పాకింది. కూరలో ఉప్పు లేదన్నావు అని ఆమె, లేదనలేదు, తగ్గిందన్నాను అని అతను. గోతిలోకి దిగేముందు ఒకసారి, పైకొచ్చాక ఒకసారి ఫోన్ చేయడం అలవాటు చేసుకున్నాడు. ఆమెకి నిద్రలో ఉలికిపాటు తగ్గింది.

ఆఖరి బుధవారం వాళ్లు వెళ్లేసరికి ఒకమ్మాయి ఒంటరిగా కూర్చుని రుమాలు నలుపుతూ మెట్లవైపే చూస్తోంది. గుమాస్తా వచ్చాడు. మూడు వారాలైంది కాబట్టి ఫైలు మూసేస్తున్నామని చెప్పి వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి లేవడం కూడా మరిచిపోయింది.

"ఆ పెద్దావిడ ఉండుంటే వాళ్లాయన్ని లాక్కొచ్చేది," అన్నాడు భర్త నెమ్మదిగా.

"ఎవరు? ఆవిడా?"

"నన్ను తెచ్చింది ఆవిడేగా. మొదటి రెండు వారాలూ గేటు దాకా వచ్చి భయమేసి వెనక్కి పోయాను. మూడోసారీ పోతుంటే, నీలం చొక్కా బాబూ అని పిలిచి చెయ్యి పట్టుకుంది. పైన నీ భార్య నీకన్నా ఎక్కువ భయపడుతోంది, ఒంటరిగా కూర్చోబెట్టకు అంది."

ఆమె కౌన్సెలర్ గదిలోకి వెళ్లి ఆవిడ ఇల్లెక్కడని అడిగింది. తప్పయిపోయిందని చెప్పాలి. తీసుకొచ్చి మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి.

కౌన్సెలర్‌కీ తెలియదు. ఆవిడ అక్కడ ఉద్యోగి కాదు, ఏళ్ల తరబడి ప్రతి బుధవారం తనంతట తనే వచ్చేది. రావద్దన్న రోజు ఎందుకని కూడా అడగకుండా కర్ర తీసుకుని వెళ్లిపోయింది.

చిరునామా దొరుకుతుందేమోనని కౌన్సెలర్ బీరువా అడుగు నుంచి ఆవిడ పాత ఫైలు తీసి ముందు పెట్టింది. ఇరవై ఏళ్ల కిందట మూసేసిన ఫైలు.

భర్త గడిలో మూడు బుధవారాలూ సంతకాలున్నాయి. పెద్దావిడ గడి మూడుసార్లూ ఖాళీగా ఉంది.