రేపటి పప్పు

తొమ్మిదిన్నరైనా ఆఫీసు గేటు దగ్గర మనిషన్నవాడు లేడు. లక్ష్మీకుమారి మొదటి వాయి ఇడ్లీలు దించి, మూతపెట్టి, రెండో వాయి వెయ్యాలా వద్దా అని గరిటె పట్టుకుని నిలబడింది. గురుగ్రామ్‌లో ఆ రోడ్డు మీద ఈ వేళకి ఆమె బండి చుట్టూ నలభై మంది మూగి “సాంబార్ ఔర్ దేనా” అని ప్లేట్లు చాపుతుంటారు. ఈవేళ మంచో పొగో తెలియని మసకలో ఒక కుక్క వచ్చి చూసి పోయింది. పక్కన ఛోలే కుల్చే అమ్మేవాడు కూడా రాలేదు.

కాసేపటికి ఆ మసకలోంచి భుజాన బ్యాగుతో శరత్ వచ్చాడు. ఆ అద్దాలమేడ జనంలో ఆమెను తెలుగులో పలకరించేది ఈ గుంటూరు అబ్బాయి ఒక్కడే. అందుకే అతనికి ఎప్పుడూ చట్నీ ఒక గరిటె ఎక్కువ పడుతుంది.

“ఏటి బాబూ, ఈవేళ సెలవా? ఒక్కలూ రానేదు.”

“మీకు తెలీదా ఆంటీ? గాలి మరీ పాడైందని ఆర్డరొచ్చింది. ఇళ్ల నుంచే పని చేసుకోమని రాత్రి అందరికీ మెయిల్ పంపేశారు.”

“అందరికీ అంటే, నాకు రానేదు కదా.”

ఆమె వేళాకోళానికి అనలేదు. నలభై మంది ఫోన్లలో ఆమె నంబరుంది. “ఆంటీ, రేపు పిండి రుబ్బకండి” అని ఒక్క మాట చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. తాము తినే ఇడ్లీకి వెనక ఎవరో తెల్లవారుజామున లేవాలన్న సంగతి వాళ్ల బుర్రలకి ఎక్కినట్టు లేదు. ఆమె మోకాళ్లకి మాత్రం బాగా ఎక్కింది.

“మరి నువ్వెందుకొచ్చావు?”

“ఇంట్లో ఎక్కడ కూర్చోను? స్కూళ్లు కూడా మూసేశారు. పిల్లలిద్దరికీ ఫోన్లో క్లాసులు, ప్రీతికి ఆఫీసు మీటింగులు. ఉన్నవి రెండు గదులు. ఇక్కడైతే ప్రశాంతంగా ఉంటుందని వచ్చేశాను.”

స్టూలు లాక్కుని కూర్చుని ఒక ప్లేటు తిన్నాడు. ఇంకో ప్లేటు పెట్టమన్నాడు. ఆకలితో తినే తిండి కాదని చూస్తేనే తెలుస్తోంది. ఆమె కోసం తింటున్నాడనుకుని ఆమెకు మనసు కాస్త కుదుటపడింది.

తర్వాత అతనే లేచి నాలుగు మేడల కాపలావాళ్లకీ ప్లేట్లు మోశాడు. రోడ్డు మలుపులో నిలబడి, పార్సిళ్లు మోసే బైకులవాళ్లను చెయ్యెత్తి ఆపాడు. వాళ్లకి ఇంటి నుంచి పని అన్నది లేదు కాబట్టి ఏడెనిమిది మంది ఆగి తిన్నారు. అంత చేసినా పిండి సగానికి పైగా మిగిలింది. లక్ష్మీకుమారికి ఏడుపు రాలేదు గానీ ఎవర్నయినా గట్టిగా తిట్టాలనిపించింది. తిట్టడానికి గాలి తప్ప ఎవరూ దొరకలేదు.

పదకొండు దాటాక ఇంటి నుంచి భర్త హనుమయ్య ఫోన్ చేశాడు. మిలిటరీలో రిటైరైన మనిషి, టైము తప్పడు.

“పప్పు నానబొయ్యాలా, ఒద్దా? తర్వాత నాననేదని నన్ను ఆడిపోసుకోకు.”

డబ్బాలో మినప్పప్పు ఒక్కరోజుకే ఉంది. ఈవేళ పిండి ఎలాగూ పోయినట్టే. రేపు ఆ పప్పు కూడా నేలపాలైతే మళ్లీ సరుకు తెచ్చుకునే దారి లేదు, బండి ఎత్తెయ్యడమే. నానబొయ్యకుండా రేపు జనం వచ్చినా నష్టమే. ఫోను చేత్తో మూసి శరత్ వైపు తిరిగింది.

“బాబూ, రేపు ఆఫీసుంటాదా?”

“ఉంటుంది ఆంటీ.”

“సరిగ్గా చూసి చెప్పు. నాకింక ఆ పప్పే ఉంది.”

అతను తన ఫోన్లోకి కాసేపు చూశాడు. “రేపు సగం మందిని రమ్మన్నారు. నానబొయ్యమనండి.”

చదువుకున్నవాడు, ఆఫీసు మనిషి. ఆమె మరో మాట అడగలేదు. “మొత్తం పోసెయ్యి. రేపు సగం మంది వస్తారట” అని భర్తకి చెప్పి, పొద్దుట్నుంచి మొదటిసారి కాళ్లు చాపుకుని కూర్చుంది.

ఒంటిగంటకి గేటు కాపలా చూసే పృథ్వీరాజ్ ఖాళీ ప్లేట్లు తెచ్చిచ్చాడు.

“దీదీ, ఇంక సోమవారం దాకా నువ్వూ విశ్రాంతి తీసుకో” అన్నాడు హిందీలో.

“అదేటి భయ్యా? రేపు సగం మంది వస్తారు కదా?”

“సగమా? వారమంతా తాళమే. పొద్దున్నే గేటుకి కాగితం అంటించారు.”

ఆమె మోకాళ్లు పట్టుకుని గేటు దాకా వెళ్లి, ఆ కాగితం అతని చేత రెండుసార్లు చదివించుకుంది. అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేసింది.

“పప్పు నానబోసీసావా?”

“ఎప్పుడో. మొత్తం పోసెయ్యమన్నావు కదా.”

తిరిగొచ్చేసరికి శరత్ స్టూలు మీదే ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆమె తినడానికొచ్చినవాళ్ల మీద గొంతు లేపింది లేదు. ఇప్పుడు కూడా లేపడానికి ఓపిక లేక, నీళ్ల బకెట్టు బోర్లించి అతని ఎదురుగా కూర్చుంది.

“నాకు తెలీదు అంటే సరిపోయేది కదా బాబూ. రేపు ఒక్కలూ రారట. నువ్వన్న సగం మందీ లేదు, ఏటీ లేదు. నా పప్పు నీళ్లపాలు చేస్తే నీకేటొచ్చింది?”

శరత్ బ్యాగు జిప్పు తీశాడు, వేశాడు. చేతిలోని ఫోన్లో ప్రీతి పేరు వెలిగింది. అది మోగి మోగి ఆగేదాకా ఎత్తలేదు.

“నా ఉద్యోగం దసరాకే పోయింది ఆంటీ. ఇంట్లో తెలీదు. రేపు మీరు కూడా బండి పెట్టకపోతే, సాయంత్రం ఆరింటిదాకా నేనెక్కడ కూర్చోవాలి?”